నాగావ్కర్ రాసిన శుక్రవారం

బొబ్బిలి రైల్వే స్టేషనులో పార్సిలు గుమాస్తా ఎలైజా నాగావ్కర్ యూదుడు. కొంకణ తీరాన గానుగలాడించి బతికిన వంశం వారిది. శుక్రవారం పొద్దుగుంకినది మొదలు శనివారం చీకటిపడే దాకా వారికి సబ్బాతు, పని ముట్టని వేళ; అప్పుడు ఆ గానుగలు తిరిగేవి కావు. అందుచేత చుట్టుపక్కలవారు వారిని ‘శనివారపు తెలికలవారు’ అనేవారట. బదిలీ మీద వచ్చి తొమ్మిదేళ్లయింది. ఊరు మొత్తానికి యూదుల ఇల్లు వారిదొక్కటే.

అరవై ఎనిమిదిలో, వానలు వెనుకపట్టిన రోజుల్లో, బొంబాయి నుంచి మేనమామ ఉత్తరం వచ్చింది. ఆయన అక్కడి ప్రార్థనా మందిరంలో పెద్ద. కొలువుల నిమిత్తం దేశమంతటా చెదిరిన కుటుంబాలన్నిటికీ ఒకే మాట రాశాడు. మందిరం లేనిచోట ఇల్లే మందిరం. శుక్రవారం పొద్దుగుంకే వేళ సబ్బాతు దీపం ముందు ఆలుమగలూ బిడ్డలూ కలిసి కూర్చోండి. మీ ఇంట ఎలా జరుపుకొంటున్నారో తెలియజేయండి అని.

నాగావ్కర్ రెండు పుటలు నింపాడు. భార్య లేయాబాయి దీపం వెలిగించడం, తాను కూతురు ఎస్తేరు తలపై చేయి ఉంచి దీవించడం, ఎండుద్రాక్ష రసం గిన్నె చేతబట్టి స్తోత్రం చదవడం, రొట్టె విరవడం, అన్నీ కళ్లకు కట్టినట్టు రాశాడు. వాటిలో దీపమొక్కటే నిజం. నాలుగేళ్లుగా ఆ వేళకు ఆయన స్టేషను వెనుక గదిలో పేకాటలో ఉండేవాడు. దీపం ముందు తల్లీకూతుళ్లిద్దరే కూర్చునేవారు.

అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ, తపాలా బిళ్ల అంటిస్తే ఎంత దూరమైనా పోతుంది. మేనమామ మురిసిపోయి ఆ ఉత్తరాన్ని సభలో చదివించాడు. నకళ్లు తీయించి తక్కిన కుటుంబాలకూ పంపాడు. ఒక నకలు గజపతినగరంలో రోడ్ల ఓవర్సీరు దావీదుకు చేరింది. కొత్తగా కాపురం పెట్టినవాడు, చెప్పే పెద్దదిక్కు లేనివాడు. మీ ఇంట చూసి నేర్చుకుంటామని కార్డు రాసి, ఆ శుక్రవారమే భార్యను వెంటబెట్టుకొని, ఆదివారం వరకూ ఉండేలా వచ్చాడు.

కార్డు చదివి లేయాబాయి పక్కన పెట్టింది. చాప దులిపి ఎండలో వేసింది. అంతకంటే నాలుగు తిట్లు నయమనిపించింది నాగావ్కర్‌కు.

పొద్దు వాలింది. రొట్టెల మీద తెల్లని గుడ్డ కప్పి అందరూ కూర్చున్నారు. దీపంలోకి గానుగ నూనె తెచ్చే పక్కింటి తవిటమ్మ గడపలోనే ఆగిపోయింది.

“ఏటి బాబూ, సుక్కురారం దీపాలేలకి ఇంటికాడున్నావు? ఒంట్లో బాగునేదేటి?”

నాగావ్కర్ రొట్టెల మీది గుడ్డ వైపు చూపు తిప్పాడు.

“పేకాటకి నలుగురు కుదరనేదు గావాల,” అని నవ్వి, చెంబు లేయాబాయికి అందించి తన దారిన తాను పోయింది.

దావీదుకు తెలుగు వచ్చు. తల వంచుకొని చాప అంచు సవరించాడు. అతని భార్యకు రాదు. తవిటమ్మ ఏమన్నదని మరాఠీలో అడిగింది. దీపం వేళయింది అన్నాడతడు.

లేయాబాయి దీపం వెలిగించింది. నాగావ్కర్ ఎలాగో గుండె చిక్కబట్టుకొని, రాసినది రాసినట్టే, ఎస్తేరు తల మీదికి చేయి చాచాడు. ఎనిమిదేళ్ల పిల్ల దిగ్గున తల పక్కకు తీసుకుంది. తన వల్ల ఏం తప్పు జరిగిందో అన్నట్టు తల్లి వైపు చూసింది.

చాచిన చేయి అలాగే ఉండిపోయింది. తవిటమ్మ మాట చెవిని కాల్చింది. ఇది ఎముకను కాల్చింది. దాన్ని కన్నతండ్రి చేయి దానికి కొత్త.

“దావీదూ, నేను రాసిన మనిషి ఈ ఇంట్లో లేడు,” అన్నాడు, నేల చూపులతో. “తవిటమ్మ చెప్పింది నిజం. నాకు స్తోత్రం కూడా సగమే వచ్చు. నేర్చుకోదలిస్తే మీ వదినను అడగండి.”

చెప్పి లేచాడు. చెప్పుల కోసం కాలు వెతుక్కుంటోంది.

“కూర్చోండి,” అంది లేయాబాయి. “మీరు లేచిపోవడం నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాం.”

కూర్చున్నాడు. సబ్బాతు వేళ కలం పట్టరాదు. మేనమామకు నిజం రాసి బరువు దించుకుందామన్నా రేపు చీకటిపడే దాకా వీలులేదు. అంతవరకూ ఆ సిగ్గుతో, ఆ నలుగురి నడుమ ఉండవలసిందే.

లేయాబాయి గిన్నె ఆయన చేతికిచ్చి స్తోత్రం అందుకుంది. ఒక్కొక్క మాటా ఆమె వెనుక పలుకుతూ వచ్చాడు. మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆయనకు తరువాతి మాట తోచలేదు. ఎస్తేరు అందించింది, ఆయన వైపు చూడకుండానే.