న్వే యీ చదువుతుంటే చల్లగా ఉండేది

మ్యింగ్యాన్ ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నం అన్నాలయ్యాక, న్వే యీ చెంపలకు చెక్కగంధం పూసుకుని, గోడకు చేరబడి, అద్దెకు తెచ్చుకున్న పుస్తకం తెరిచేది. నాలుగు పేజీలు తిరిగేసరికి ఆమె చుట్టూ చల్లబడేది. ముందు చాప, తర్వాత నేల, ఆపైన ఇల్లంతా. పూలమ్మే పక్కింటావిడ బుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టి, అలికిడి చెయ్యకుండా వెళ్ళిపోయేది. కథ నచ్చకపోతే చల్లబడదని వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఏ పుస్తకం తెచ్చుకున్నా ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. ఆమెకు పెద్దగా ఏమీ జరగని కథలిష్టం. వానలో చిక్కుకున్న బడిపంతులు, ఎవరింటి వసారాలోనో టీ, కాస్సేపు కబుర్లు.

ఆ చల్లదనం అసలు కావలసింది ఆమె బావ ఊ ఠూన్‌కి. తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి ఆరేళ్ళుగా మంచంలో ఉన్నాడు. ఎండ ముదిరితే వీపు మీది పుండ్లు మండి అరిచేవాడు. మరదలు చదివితే నిద్రపోయేవాడు. ఎండాకాలం నాలుగు నెలలూ అక్క డా త్వే చెల్లెలి చేత చీపురు కూడా పట్టించేది కాదు.

"నీదే రాజభోగమమ్మా" అనేవారు చూసినవాళ్ళు. ముప్పై ఆరేళ్ళ న్వే యీ కూడా అలాగే అనుకునేది.

కొత్త ఏడాది నీళ్ళు చల్లుకునే పండగ వెళ్ళిన మూడోనాడు పొద్దున పుస్తకం తిరిగివ్వడానికి వెళితే, కొట్టు యజమాని కో సాన్ అరలు ఖాళీ చేసి మూటలు కడుతున్నాడు. కాలు ఈడ్చి నడిచే మనిషి. మంచి పుస్తకమొస్తే ఆమె కోసం పక్కన పెట్టేవాడు. మూడేళ్ళుగా మాత్రం మొహం చూసి మాట్లాడడం లేదు.

"ఎక్కడికండీ?"

"మొలమైన్. మా ఆవిడ వాళ్ళూరు. మొన్ననే పెళ్ళయింది." తాడు బిగించాడు. "ఒక్కమాట. ఇష్టం లేదంటే సరిపోయేది. కుంటోడి పక్కన నడవలేనని చెప్పి పంపాలా?"

"నేనా? ఎవరితో?"

"మూడేళ్ళ కింద మిమ్మల్నిమ్మని మీ అక్కనడిగాను. మీరన్న మాటేనని చెప్పింది."

"నన్నెవరూ అడగలేదు" అంది న్వే యీ.

అతను కడుతున్న మూట మళ్ళీ విప్పాడు. లోపల్నుంచి ఆడగొంతు గిన్నెల బుట్ట ఎక్కడని అడిగింది. "వస్తున్నా" అని, ఒక లావుపాటి పుస్తకం న్వే యీ చేతిలో పెట్టాడు. "ఇది మీరే ఉంచుకోండి."

ఇంటికొచ్చేసరికి డా త్వే బజారుకు బయల్దేరుతోంది.

"అక్కా, కో సాన్ నన్నడిగాడా?"

"అడిగాడు." డా త్వే చెప్పులు వేసుకుంది. "నువ్వెళితే మీ బావ ఆ ఎండల్లోనే పోయేవాడు. నీకు పిల్లలు పుట్టేవారు. నాకేం మిగిలేది?"

మంచం మీంచి ఊ ఠూన్ నవ్వాడు. "కుంటోడన్న మాట నేనే చెప్పమన్నాను. అలా అంటే మళ్ళీ గుమ్మం తొక్కరు. ఇక చదువవే, వీపు మండుతోంది."

అక్క వెళ్ళిపోయింది. న్వే యీ కూర్చుని పుస్తకం తెరిచింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. కథ బాగుంది. ఒక ముసలావిడ, ఆమె పెరట్లో వాన, మెల్లగా ఉడుకుతున్న గంజి. ఇదివరకెప్పుడూ అంత హాయిగా చదవలేదామె. మామూలుగా అయితే మధ్యలో అక్క అన్నానికో, టీకో పిలిచి ఆపేది. ఇవాళ పిలిచేవాళ్ళు లేరు.

"దుప్పటి కప్పు" అన్నాడు ఊ ఠూన్.

లేచి కప్పింది. మళ్ళీ కూర్చుంది.

"ఇంకోటి. పళ్ళు కొట్టుకుంటున్నాయే."

"ఈ అధ్యాయం అవనీ బావా."

అధ్యాయం అయింది. తర్వాతది ఇంకా బాగుంది. సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టింది. అతను రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు, ఒకసారి బతిమాలాడు. ఆ తర్వాత పిలవలేదు.

డా త్వే చెమటలు కక్కుతూ వచ్చి గుమ్మంలో ఆగింది. నోట్లోంచి ఆవిరొచ్చింది. మంచం దగ్గరకెళ్ళి మొగుడి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు వంగలేదు. చెల్లెలి వైపు తిరిగింది.

"ఏం చేశావే?"

"ఉండక్కా" అంది న్వే యీ, తలెత్తకుండా. "ఇంకా ఆరు పేజీలున్నాయి."