సీసం కలిపిన రోజు

డెబ్భై నాలుగు నాటి మాట. తిరువూరు బస్టాండు పక్కన మా అన్న సుభాని, నేను రాగి గిన్నెలకు కళాయి వేసేవాళ్లం. నేను తిత్తి ఊదితే, అన్న నిప్పు మీద గిన్నె తిప్పుతూ లోపల తగరం పూసేవాడు. అయ్యాక తెల్ల తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఆ తువ్వాలు గిన్నె తెచ్చినవాళ్లకు చూపించేవాడు. తగరంలో సీసం కలిస్తే గుడ్డ నల్లబడుతుంది. అన్న తువ్వాలు ఎన్నడూ నల్లబడలేదు. అందుకే విస్సన్నపేట నుంచి కూడా బస్సెక్కి మా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఏడు తగరం ధర మండిపోయింది. బయటి దేశం సరుకు, పైన పన్ను. పన్నులు వేస్తేనే ఫ్యాక్టరీలు వస్తాయని, అవి వస్తేనే దేశం బాగుపడుతుందని అంతోనయ్య మాస్టారు టీకొట్టు దగ్గర పేపరు చదివి చెప్పేవారు. వేస్తే డబ్బున్నోళ్ల మీద వేయాలి గానీ చేతిపని వాళ్ల మీదేంటని టీకొట్టు జోజప్ప అడ్డం పడేవాడు. ఒకరోజు అన్న మెల్లగా అడిగాడు.

"దేశం బాగుపడేదాకా మేమేం చేయాలండి, మాస్టారూ?"

"కాస్త ఓర్చుకోవాలి, సుభానీ."

"మాతోపాటు ఇంకెవరెవరు ఓర్చుకుంటున్నారండి?"

జోజప్ప నవ్వాడు. మాస్టారు పేపరు మడిచి లేచారు.

అప్పటికే జనం స్టీలు గిన్నెలకు మళ్లారు. వాటికి కళాయి అక్కర్లేదు. మాకు మిగిలిన పెద్ద పని చర్చి పండగ వంట గుండిగలు. మాస్టారి భార్య మేరమ్మ గారు అయిదు గుండిగలు పంపించారు. అవి పోతే మా పని పోయినట్టే. ఉన్న తగరం మూడింటికే వస్తుంది. మిగతా తగరం కోసం అన్న బెజవాడ వెళ్లాడు.

అక్కడ దొరకదేమోనని నాకు భయం పట్టుకుంది. లారీ షెడ్డులో పాత బ్యాటరీ సీసం అడిగి తెచ్చి, తగరంలో కరిగించి, అయిదింటికీ పూసేశాను. తళతళలాడాయి. మర్నాడు అన్న వచ్చేసరికి మేరమ్మ గారు బండి తోలించుకుని వచ్చి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే అన్న తువ్వాలు తీసి తుడిచాడు.

నల్లగా అయింది.

"ఏంటయ్యా ఇది? పిల్లలు తినే అన్నం," అన్నారామె.

అన్న నా వైపు ఒక్కసారి చూశాడు.

"తప్పు నాదేనమ్మా."

అన్న తెచ్చిన కొత్త తగరం సంచిలోనే ఉంది. మళ్లీ వేసిస్తానని బతిమాలాడు. ఆమె గుండిగలు బండికెక్కించుకుని వెళ్లిపోయారు. చర్చివాళ్లు అల్యూమినియం గిన్నెలు కొన్నారు. ఊళ్లో ఎవరూ మా దగ్గరికి గిన్నె తేలేదు.

అన్న బెజవాడలో స్టీలు సామాన్ల గోడౌనులో మూటలు మోయడానికి వెళ్లాడు. చూశావా, పని దొరికిందిగా అని నాతో అన్నారు మాస్టారు. నిజం చెప్పేస్తానని నేను ఎన్నిసార్లు అన్నా, "నీకు పెళ్లి కావాలిరా" అని అన్న ఆపేవాడు. మూడో ఏడు అక్కడే జ్వరమొచ్చి పోయాడు.

అన్న పోయిన నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక మేరమ్మ గారింటికి వెళ్లి, సీసం కలిపింది నేనని చెప్పాను.

"మీ అన్న ఉన్నప్పుడు చెప్పాల్సింది, ఖాదరూ. పిలిచి పని ఇచ్చేదాన్ని," అన్నారు.