పాత పడుగు కొసలు

నేసిన చీర మగ్గం దిగిన మరునాడు మగ్గం పలకదు. ధర్మవరంలో ఆ మధ్యాహ్నం ఈశ్వరప్ప ఇల్లు కూడా సగం నిద్రలో ఉంది. ఆయన తల్లి అంజనమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని, మగ్గంలో మిగిల్చిన పాత పడుగు కొసలకు, అంటే నిలువుపోగుల చివరలకు, కొత్త పట్టుపోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. ఆ కొసలు పట్టుకునే కొత్త పడుగు మగ్గంలోకి ఎక్కుతుంది. తొందరపడి వాటిని కోసేసుకున్నవాళ్ల అవస్థ నేతగాళ్లకే తెలుసు.

పక్కనే మనవరాలు సాయిసుధ కాలేజీ పత్రికకు రాసిన కథ చదివి వినిపిస్తోంది. పెనుకొండ లాంటి ఒక కొండ ఊరు. రోజూ పొద్దున్నే మబ్బుల్లోంచి సర్కారు మైకు పలుకుతుంది. నిన్న ఏం జరిగిందో అదే నిర్ణయించి చెబుతుంది. నిరుడు కరువే రాలేదని అది చెబితే, జనం ఖాళీ గాదెల ముందు నిలబడి తలలూపుతారు. పుస్తకాల్లో అక్షరాలు వెన్నెట్లో తెల్లబడిపోతాయి. కోట గోడలకు తమను ఎవరు కట్టారో గుర్తుండదు.

అవ్వ చెయ్యి ఆపకుండానే అడిగింది. "ఆ ఊర్లో అవ్వలు ల్యారా పాపా?"

"ఉండారవ్వా."

"మల్ల కరువొచ్చిందని వాళ్లు చెప్పల్యా?"

కథలో సర్కారునూ మైకునూ రాసిన పిల్ల అవ్వలను మరిచిపోయింది. "సర్కారు చెప్పద్దనింటాది," అంది.

"ఎవురూ వద్దనకపోయినా చెప్పరులే, అడిగేటోళ్లు ల్యాకపోతే."

సుధ గోడమీది తాత ఫొటో వైపు చూసింది. "తాత ఎట్ల పోయినాడవ్వా?"

జ్వరమొచ్చి పోయాడని ఆ ఇంట్లో ఎప్పుడూ చెప్పే మాట. ఈసారి అవ్వ ఆ మాట అనలేదు. "కూలి పెంచమని వీధంతా మగ్గాలు నిలిపినారు. మనకు పట్టు ఇచ్చే షావుకారు, ఆ ఉమాశంకర్ వాళ్ల నాయన, పట్టు ఇయ్యల్యా. పొయ్యిలు వెలగల్యా. ఉన్న ముద్ద మీ నాయనకు పెట్టి, మీ తాత పస్తుండి పోయినాడు."

గడపలో నిలబడిన ఈశ్వరప్ప గబగబా లోపలికి వచ్చాడు. "ఇప్పుడవన్నీ యాలమ్మా? రేపు నేతగాళ్ల సంఘం సభలో పాప సంఘం చరిత్ర చదవాల. ఉమాశంకర్ ఇప్పుడు అధ్యక్షుడు. మనకు పట్టు ఇచ్చేదీ ఆయప్పే. కోపమొస్తే మన మగ్గం నిలిచిపోతాది."

"చెప్పద్దని ఆయప్ప అనినాడా నాయనా?" అంది సుధ.

ఈశ్వరప్ప తల్లి పక్కన కూలబడ్డాడు. "లేదు పాపా. ఎవురూ అనల్యా. నేనే అనుకుంటి."

మరునాడు సభలో సంఘంవాళ్లు సుధ చేతికిచ్చిన కాగితంలో 'మన సంఘంలో ఏనాడూ గొడవ లేదు' అని ఉంది. అక్కడ ఆమె ఆగింది. కాగితం మడిచి, తాత హనుమంతు పేరు చెప్పింది. ఆయన ఎలా పోయాడో చెప్పింది. వెనక వరుసలో ముసలి దేవప్ప మెల్లగా లేచాడు. "మా యమ్మ గూడా ఆ దినాల్లోనే పోయింది," అన్నాడు. అందరూ అధ్యక్షుడి వైపు చూశారు.

ఉమాశంకర్ కుర్చీలోంచి లేచాడు. "మా ఇంట్లో ఈ మాట నాకెవురూ చెప్పల్యా," అన్నాడు.

పట్టు వస్తుందో రాదో ఈశ్వరప్పకు తెలియదు. అయినా ఆ సాయంత్రం తల్లి అతికిన పడుగును మగ్గంలోకి లాగి, తండ్రి ఫొటోకు దండం పెట్టి కూర్చున్నాడు. మగ్గం పలికింది.

చదువరులారా, నిన్నను చెరిపేసే పాలకులు కథల్లోనే ఉంటారనుకోకండి. అడగని పిల్లలూ చెప్పని పెద్దలూ ఉన్న ప్రతి ఇల్లూ వాళ్ల పని సగం చేసి పెడుతుంది.