మోగితే ఎత్తే మనిషి

మొదటి షిఫ్టు జనం గేటు దాటుతుంటే వాచ్‌మన్ హన్మయ్య ఒక్కొక్కరి ఫోను అందుకుని బుట్టలో పేరుస్తున్నాడు. గీతలు పడకుండా అడుగున తన పాత తువ్వాలు పరిచాడు. నాచారంలోని ఆ మందుల కంపెనీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు. ఏ ఫోనైనా మోగితే అతనే ఎత్తుతాడు. ఇంటి కబురైతే కుంటుకుంటూ షెడ్డుదాకా పోయి చెబుతాడు. ఎత్తమని ఎవరూ చెప్పలేదు. పూర్వం చర్లపల్లిలో పనిచేసేటప్పుడు ఇలాంటి బుట్టలోనే అతని ఫోను మోగి మోగి ఆగింది. అతను దవాఖానా చేరేసరికి భార్య లేదు.

ఉపేందర్ ఇంకా ఫోను ఇవ్వలేదు. గేటు పక్కన నిలబడి బ్యాంకువాళ్లతో అరుస్తున్నాడు.

"గోవా మొకమే సూడలే మేడమ్! ఆ హోటల్ బిల్లు నాది కాదు. ఓటీపీ నేనెవ్వనికీ చెప్పలే. మంగళారం పగలంతా డ్యూటీల ఉన్న."

ఫోను పెట్టేసి హన్మయ్య వైపు తిరిగాడు. "ఓటీపీ చెప్పినవ్, తప్పు నీదే అంటున్రు మామా. గంత బిల్లు యాడికెళ్లి కట్టాలె?"

హన్మయ్య చెయ్యి బుట్ట మీదే ఆగింది. మంగళవారం ఉపేందర్ ఫోను మోగితే తనే ఎత్తాడు. అవతల ఎవరో కుర్రవాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఉపేందర్ కార్డు ఆగిపోతుందని, ఫోను మీద కనబడే అంకెలు చదవమని అన్నాడు. హన్మయ్యకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. మేలే చేశాననుకున్నాడు.

"నేనే చెప్పిన ఉపేందరూ. నీ కార్డు బందైతదన్నడు."

"నిన్నెవడు ఎత్తమన్నడు, ముసలోడా!"

ఆ మాట అన్నాక ఉపేందర్ తల దించుకున్నాడు. నిరుడు అతని బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు ఫోను ఎత్తి, కుంటుకుంటూనే షెడ్డుకు పరుగెత్తింది హన్మయ్యే.

మధ్యాహ్నం హన్మయ్య సూపర్‌వైజర్ సుధీంద్ర ముందు నిలబడ్డాడు. "ఆ నంబరు నేను చెప్పిన్నని రాయుండ్రి సారూ. ఉపేందర్ బ్యాంకుల సూపిస్తడు."

"రాస్తే నిన్ను గేటు దగ్గర ఉంచరయ్యా. పైగా బ్యాంకు ఒప్పుకుంటుందనీ లేదు."

"ఉపేందర్ అబద్ధమాడలే సారూ. రాయుండ్రి."

సుధీంద్ర రాసిన కాగితం మీద హన్మయ్య వేలిముద్ర వేశాడు.

సాయంత్రం ఉపేందర్ గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. "గా కాగితం ఎందుకిచ్చినవ్ మామా? కోపంల ఏదో అన్న."

"ఏం ఫికర్ జెయ్యకు. బిడ్డ మంచిగున్నదా?"

జవాబు వినేలోపే ఉప్పల్ బస్సు వచ్చింది. హన్మయ్య టిఫిన్ డబ్బాతో ఎక్కేశాడు. ఆ తర్వాత ఉపేందర్ మళ్లీ అతన్ని చూడలేదు.

బ్యాంకు ఇంకా ఏమీ తేల్చలేదు. కొత్త వాచ్‌మన్ బుట్టను గోడవారకు జరిపి కూర్చున్నాడు. ఒకనాటి మధ్యాహ్నం అందులో ఒక ఫోను చాలాసేపు మోగి ఆగింది. మళ్లీ మోగింది. దాని కింద హన్మయ్య పరిచిన తువ్వాలు, మడత చెదరకుండా.