మేమున్న ఖాళీ ఇల్లు

మా వీధిలో ముందు తలుపు పెళ్ళికూతురికీ శవపేటికకీ తప్ప ఎవరికీ తెరవం. మిగతావాళ్ళంతా పక్క సందులోంచి వంటింటి తలుపుకే రావాలి, చర్చి ఫాదరైనా సరే. పోలండ్ నుంచి వచ్చి అమెరికాలో ఈ టొలీడో ఊళ్ళో స్థిరపడ్డ మా వాళ్ళందరి పద్ధతీ ఇదే. ఈ పద్ధతే మా కొంప ముంచుతుందని కలలో కూడా అనుకోలేదు.

గాజు ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఆయన రోమన్ ఇంటి అప్పు కట్టలేకపోయాడు. వాయిదాలు తగ్గించమని బ్యాంకుకి దరఖాస్తు పెట్టుకున్నాం. కొన్నాళ్ళు కట్టి చూపించమన్నారు, పస్తులుండి మరీ కట్టాం. ఇల్లు వెచ్చబెట్టే గ్యాసు ఖర్చు కలిసొస్తుందని ముందు గది మూసేసి, పైకి ఎవరూ వెళ్ళే వీల్లేకుండా మేడమెట్లకి అడ్డంగా చెక్కలు కొట్టేసి, చలికాలమంతా వంటింట్లోనే పడుకున్నాం. తీరా చూస్తే దరఖాస్తు కుదరదన్నారు. ఎందుకో చెప్పలేదు.

ఒకరోజు బజారు నుంచి వచ్చేసరికి వంటింటి తలుపుకి ఎవరిదో కొత్త తాళం. రోమన్ కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరాడు. కుళాయిలకి టేపులు చుట్టేశారు. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పాడుబడ్డ ఇళ్ళలో పోసే గులాబీరంగు మందు మా మరుగుదొడ్డిలో పోశారు. పొయ్యి మీద నా క్యాబేజీ సూపు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

బ్యాంకుకి ఫోన్ చేశాను.

"ఆ ఇంట్లో ఎవరూ లేరండీ," అంది అమ్మాయి, ఎంతో మర్యాదగా.

"నేనున్నానమ్మా! ఆ ఇంట్లోంచే మాట్లాడుతున్నా."

"మా మనిషి నెలనెలా వచ్చి చూస్తున్నాడండీ. ఖాళీ ఇల్లే."

"మరి నేనెవర్ని?"

కాసేపు టైపు కొట్టిన చప్పుడు. "అది మా దగ్గర లేదండీ."

ఆ రోజు నుంచి రోమన్ తీరు మారిపోయింది. గుసగుసగా మాట్లాడేవాడు. అడుగులో అడుగేసి నడిచేవాడు. ఎవరైనా తలుపు కొడితే నా నోరు మూసేవాడు.

"వెళ్ళిపోదాం, లాటీ. పైన ఎవరో తిరుగుతున్నారు."

"ఎలకలయ్యా."

"ఎలకలు కుర్చీ లాక్కుని కూచుంటాయటే?"

నాకూ వినపడింది ఆ చప్పుడు. వినపడలేదని దబాయించాను. ఇల్లు వదిలితే మాకు గతేముంది?

ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ ఒడెట్ దగ్గరికి మర్నాడే పరిగెత్తాను. ఆవిడ నిదానంగా చెప్పింది. "మొదటి సంగతి, ఇల్లు వదలకండి. వేలం వేసి, దాన్ని కోర్టు ఖాయం చేసేదాకా ఇల్లు మీదే. చాలామంది బ్యాంకు నుంచి కాగితం రాగానే మూటాముల్లే సర్దేస్తారు, అదే పొరపాటు."

తర్వాత కంప్యూటర్లో వెతికి నుదురు కొట్టుకుంది. మేం ఎక్కడున్నామో తెలీదని కోర్టుకి చెప్పి బ్యాంకువాళ్ళు సమన్లు పేపర్లో వేయించారట. మేం జవాబివ్వలేదని, ఇల్లు వేలం వెయ్యమని తీర్పు కూడా అయిపోయింది.

"సమన్లు అందలేదు కాబట్టి తీర్పు కొట్టెయ్యమందాం. మధ్యవర్తి ముందు బ్యాంకుతో మళ్ళీ కూర్చోబెట్టమందాం. ఏదీ కాకపోతే దివాలా పిటిషను, దానితో వేలం ఆగుతుంది. కానీ ముందు మీరు ఆ ఇంట్లో ఉన్నారని తేలాలి."

"బతికున్నామని కూడా రుజువు చేసుకోవాలా?" అన్నాను.

కోర్టులో బ్యాంకు లాయరు, వాళ్ళ మనిషి నెలనెలా తీసిన ఫొటోలు పరిచాడు. అన్నీ వీధిలోంచి తీసినవే. మా ముందు మెట్ల మీద మంచు, దాని మీద ఒక్క అడుగుజాడ లేదు.

"ఆ తలుపు మేం వాడం సార్! చస్తేనే వాడతాం," అన్నాను. కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు నవ్వలేదు.

అప్పుడు ఒడెట్ ఒక ఫొటో పైకెత్తింది. "సార్, మేడ మీద కిటికీ చూడండి."

కిటికీలో ఒక ఆడమనిషి. పరదా పక్కకి తీసి, సూటిగా ఫొటో తీసేవాడి వంకే చూస్తోంది.

మేజిస్ట్రేటు ఫొటో నా చేతికిచ్చాడు. "ఇది మీరేనా? ప్రమాణం చేశారు, గుర్తుపెట్టుకోండి."

ఆమె జుట్టు నడుం దాకా ఉంది. నేను పెళ్ళికి ముందు నుంచీ నా జుట్టు మెడ దాటనివ్వలేదు. రోమన్ వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"నేనేనండీ," అన్నాను.

తీర్పు కొట్టేశారు. వేలం ఆగింది. మధ్యవర్తి దగ్గరికి పంపారు. ఒడెట్ నన్ను కావలించుకుని ఏడ్చింది.

కారులో రోమన్ తాళంచెవి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఎవరే అది?"

"నోర్ముయ్. నేనేనని చెప్పానుగా."

"ఇంటికేనా, లాటీ?"

ఇన్నాళ్ళూ ఆ ఇంటి కోసం బ్యాంకుతో, కోర్టుతో, మొగుడితో పోట్లాడినదాన్ని. ఇల్లు దక్కిన ఆ మధ్యాహ్నమే మొదటిసారి నాకు ఇంటికి వెళ్ళాలంటే భయమేసింది.

"ఇంటికే," అన్నాను. "మనం అక్కడే ఉంటున్నామని ప్రమాణం చేశాం కదా."