పురుగులింట్లో బడి

కుముద టీచరుకు నోరెక్కువ అని మా ఆఫీసులో అందరూ అంటారు. నాకు ఎక్కువే. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఒక్కదాన్నే చెప్పేదానికి నోరు లేకుంటే ఎట్లప్పా కుదుర్తాది?

నా బడి ఉండేది కన్నడ రాష్ట్రంలో, కామసముద్రం పక్కన చిన్న పల్లెలో. ఇంటింటా పట్టుపురుగులే. పురుగులు మాగి గూడు కట్టేదానికి వచ్చినాయంటే ఇంగ ఆగవు. ఒక్కొక్కటే ఏరి చంద్రికె మీద, అదే గూడు కట్టే వెదురుతట్ట మీద, వెయ్యాల. ఆలస్యమైతే దారం కిందనే కక్కేసి పంట పాడైపోతాది. ఆ రెండు మూడు రోజులు ముసలోల్లు, పిల్లోల్లు అందరూ పురుగులింట్లోనే. బడిలో ఈగ కూడా వాలదు.

ఇండ్ల ముందర నిలబడి అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఒక్క పిల్లా రాలేదు. సరే, మీరు రాకపోతే నేనొస్తా అనుకున్నాను. అప్పటినుంచి పురుగులు మాగితే బడికి బీగం వేసి, పుస్తకాలు సంకలో పెట్టుకొని నేనే పోతా ఉండాను. పిల్లోల్ల చేతులు పురుగులు ఏరతాయి, నోర్లు ఎక్కాలు చెప్తాయి.

సరిగ్గా అట్లాంటి రోజే అమర్నాథ్ సార్ ఊడిపడినాడు. బడులు తనిఖీ చేసే ఆఫీసరు. పిల్లోల్లు తక్కువని మా బడిని మూసి పెద్దూరి బడిలో కలపాలా వద్దా అనేది ఆయన చెప్పే మాట మీదే ఉండాది. పెద్దూరికి బస్సు లేదు. బడి పోతే నా దగ్గర చదివే రక్షిత లాంటి ఆడపిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టేస్తారు. నాకేం, ఇంగో ఊరికి ట్రాన్స్‌ఫర్ ఇస్తారు. రక్షితకు ఎవరిస్తారు?

సార్ బడికి బీగం చూసి మండిపోయి, దారి అడుక్కుంటా రక్షిత వాళ్ల పురుగులింటికే వచ్చినాడు.

"ఏం మేడం, బడి యాడ?"

"లోపల జరుగుతా ఉండాది సార్."

బూట్లు విడిచి లోపలికి రాబోతే రక్షిత అవ్వ అంబుజమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "ఆగప్పా! సెంటు కొట్టుకోనుండావు. ఆ వాసనకు పురుగులు చస్తాయి."

"నేను ఆఫీసర్నమ్మా!"

"పురుగులకు తెలీదు కదప్పా."

నాకు నవ్వు ఆగలేదు. నేనైనా సరే పౌడరు మానేసి, సున్నం నీళ్లతో కాళ్లు కడుక్కొనే లోపలికి పోతాను.

పాపం, ఆయన కిటికీ అవతలే నిలబడి లెక్కలు అడిగినాడు. పిల్లోల్లు తల ఎత్తకుండానే టకటకా చెప్పినారు. కన్నడ పాఠం అప్పగించినారు. అయినా ఆయన మొహం బిగుసుకునే ఉండాది.

"చదువు బాగుండాది. కానీ నేను వచ్చినప్పుడు బడికి బీగం ఉండాది. అదే రాస్తాను."

నాకు ఒళ్లు మండింది. "రాయండి సార్. వచ్చే పంటకూ ఇట్లే బీగం వేస్తాను. అదీ రాయండి!"

ఆయన నన్ను వదిలి రక్షితను పట్టుకున్నాడు. "ఏం పాపా, పెద్ద బడిలో కంప్యూటర్ ఉండాది, ఆడుకునేదానికి మైదానం ఉండాది. అక్కడ చేరవా?"

రక్షిత అరచేతిలో పురుగును చంద్రికె మీద పెట్టింది. "పురుగులు మాగితే ఆ బడి మిస్ మా ఇంటికి వస్తుందా సార్?"

ఆయన చెమట తుడుచుకునేదానికి జేబులోనుంచి కర్చీఫ్ తీసినాడు. గుప్పుమని వాసన.

"ఆ గుడ్డ జేబులో పెట్టప్పా!" అని అరిచింది అంబుజమ్మ.

"రేపు రండి సార్, సెంటు లేకుండా," అన్నాను నేను. "లోపల కూర్చొని చూడండి. ఆపైన ఏం రాసుకుంటారో రాసుకోండి."

వస్తాడని నేను అనుకోలేదు. వచ్చినాడు. అంబుజమ్మ ఆయన చొక్కా వాసన చూసి, కాళ్లు కడిగించి, లోపలికి వదిలింది. ఊరికే కూర్చోనిస్తుందా ఆ ముసల్ది? చేతికి పురుగుల తట్ట ఇచ్చింది. మధ్యాహ్నం దాకా ఆయన పురుగులు ఏరతానే ఉన్నాడు, పక్కనే రక్షిత ఎక్కాలు చెప్తానే ఉంది.

మా బడిని కలపలేదు. టీచరుకు నోరెక్కువ అని మాత్రం రాసిపెట్టినాడంట. రాసుకోనీ. మళ్లా పురుగులు మాగతా ఉండాయి, బీగం యాడ పెట్టినానో వెతుక్కోవాల.