పగలకూడని గాజు

నంద్యాల స్టేషన్ దగ్గర పట్టాల కింద దారి తవ్వడం మొదలైనప్పటి నుంచీ భ్రమరాంబకూ, ఆ పని చూసే ఇంజనీరు అభినవ్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆమె, భర్త రామనాథం నడిపే పప్పుల అంగడి సరిగ్గా ఆ గుంతకు ఆనుకునే ఉంది. దుమ్ము లేవనివ్వరాదనీ, బురదనీళ్లు కాలువలోకి వదలరాదనీ గేటుకు పెద్ద బోర్డు కట్టారు. బోర్డు దారిన బోర్డు, పని దారిన పని. మోటార్లు రాత్రీ పగలూ గుంతలో ఊరే నీళ్లు లాగి కాలువలో పోసేవి. కందిపప్పు మీద దుమ్ము పేరుకుంది, అంగడి బోరు ఎండిపోయింది.

"మా నీళ్లన్నీ లాగి కాలవకు పోస్తాండావు. మేమేం తాగాలప్పా?" అని భ్రమరాంబ రోజూ గేటు దగ్గర నిలబడి కడిగేసేది.

"లోపలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి? మీ మీద ఏదైనా పడితే నా ఉద్యోగం పోతుంది" అనేవాడతను. ప్రాణం పోతుందని కాదు, ఉద్యోగం పోతుందని! ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది.

కొన్నాళ్లకు అంగడి వెనక గోడ సన్నగా బీటలిచ్చింది. అభినవ్ వచ్చి బీటకు అడ్డంగా ఒక గాజుపలక సిమెంటుతో అతికించాడు. గోడ కదిలితే ముందు గాజు పగులుతుంది. అప్పుడు మోటార్లు ఆపాలి, అంగడిలోని మనుషుల్ని బయటికి పంపాలి. ఇంత సంగతి ఆమెకు విప్పి చెప్పడానికి ఆ మహానుభావుడికి నోరు రాలేదు.

"ఇది పగలకూడదు. పగిలిందంటే అంగడికి తాళమే" అని చక్కా పోయాడు.

శుక్రవారం పొద్దున అంగడి గడపకు పసుపు రాసి లోపలికొచ్చిన భ్రమరాంబకు గాజు రెండు ముక్కలై కనబడింది. శుక్రవారం పూట అంగడిలో పగిలిన గాజు! పైగా తాళం వేయించడానికి వాడు కాచుకుని కూర్చున్నాడు. భర్తకు కూడా చెప్పకుండా ముక్కలు పారేసి, పటాలు కట్టే చెన్నకేశవులు దగ్గర అదే కొలతకు పలక కోయించి అతికించింది. అభినవ్ వచ్చి, గుమ్మంలోంచే తొంగిచూసి, బాగానే ఉందని వెళ్లిపోయాడు. వాడికి భలే టోపీ పెట్టానని ఆమె మురిసిపోయింది. తర్వాత మళ్లీ పగిలింది. మళ్లీ మార్చింది.

ఆళ్లగడ్డ నుంచి కందిపప్పు బస్తాలు తెచ్చి దించుకుంటుండగా గోడ రామనాథం మీద కూలింది.

ఆసుపత్రి వసారాలోకి అభినవ్ బురద బట్టలతోనే వచ్చాడు. ఇన్నాళ్లూ దాచుకున్న తిట్లన్నీ భ్రమరాంబ నోటిదాకా వచ్చాయి. అతనే ముందు అందుకున్నాడు.

"నాదేం తప్పు లేదమ్మా. వారం వారం చూశాను, గాజు పగల్లేదు. పగిలుంటే ఆ రోజే మోటార్లు ఆపి మిమ్మల్ని బయటికి పంపేవాణ్ణి. అది పెట్టిందే అందుకు."



"పగిలె. పగిలినప్పుడల్లా నేనే మారుస్తా వచ్చినా."

"ఎందుకు?"

"పగలగూడదంటివి గదప్పా."

 లోపల రామనాథం కాలు తీసేస్తున్నారు.